వెల్లకిలా పడ్డ గొర్రె

మా కోట చూడ్డానికి వచ్చినవాళ్ళందరూ అడిగేది ఒక్కటే: కోట ఎక్కడ? మీరు నిలబడి ఉన్నదే కోట అని చెప్తే మొహాలు వేలాడేస్తారు. గోడల్లేవు, బురుజుల్లేవు. ఉన్నదల్లా గడ్డి పట్టిన ఓ దిబ్బ, దాని చుట్టూ నీళ్ళు లేని లోతైన కందకం, ఆ పక్కన వంకరటింకర గట్లు. దొరలు పోయారు. రాళ్ళు ఊళ్ళోవాళ్ళు గోడలకి మోసుకుపోయారు. మట్టి మాత్రం మా నెత్తిన పడింది.

కోట కూలాక ఎవరో పెద్దమనిషి దాని పక్కనే ఇల్లు కట్టుకుని, దానికి నాలుగు వైపులా అగడ్త తవ్వించుకున్నాడు. ఆ ఇల్లూ పోయింది. అదే చోట మా తాత కట్టిన ఇల్లు మాది. నాలుగు వైపులా పాచి పట్టిన నీళ్ళు, దాటడానికి ఒకే ఒక్క మట్టికట్ట. నేను పుట్టింది అక్కడే, జుట్టు నెరిసింది కూడా అక్కడే.

చారిత్రక స్థలమట, ఆ మట్టిని ముట్టుకోకూడదని చట్టం. గునపం దించకూడదు, కంచె గుంజ పాతకూడదు. మా నాన్న ఒకసారి అగడ్త మూల పూడ్చి పాక వేద్దామనుకుంటే కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. అప్పట్నుంచీ ఆయనకి ఆ మట్టంటే హడల్. పోయేముందు మా అన్న క్లిఫర్డ్ చేత మాట తీసుకున్నాడు, కోటలో పార పడకూడదని. మా అన్న మాటిస్తే అంతే. మా పాత కుక్క చచ్చిపోయినప్పుడు దాన్ని భుజానేసుకుని రోడ్డవతల పొలం దాకా మోసుకెళ్ళి అక్కడ పూడ్చాడు. ఇంటి చుట్టూ అంత నేలుంది, ఒక కుక్కకి చోటు లేదు.

కదపకూడని వాటిలో నన్ను కూడా కలిపేసుకున్నాడని నా అనుమానం. అమ్మ పోయాక నేను వండుతున్నాను, ఆయన తింటున్నాడు. నేను గొర్రెలు చూసొస్తే ఆయన ఆవుల్ని చూస్తాడు. ఇద్దరికీ పెళ్ళి కాలేదు. ఎందుకు కాలేదని మమ్మల్నెవరూ అడగలేదు, మేమూ ఒకళ్ళనొకళ్ళం అడుక్కోలేదు.

రోలండ్ ఒకప్పుడు మా ఇంటికి మేత లారీ తెచ్చేవాడు. భార్య పోయి చాలా కాలమైంది. పని మానేశాక కూడా అటువైపు వెళ్తున్నాననే వంకతో వచ్చి గేటు దగ్గర ఆగేవాడు. అటువైపు ఆయనకి పనేమీ లేదన్న సంగతి ఇద్దరికీ తెలుసు. ఫైలీలో, సముద్రపు ఒడ్డున, మేడ మీద రెండు గదులున్నాయి ఆయనకి. కిటికీలోంచి చూస్తే నీళ్ళు కదులుతుంటాయట. నాకా మాటే చాలింది. పుట్టినప్పట్నుంచీ నేను చూసిన నీళ్ళు ఎప్పుడూ కదల్లేదు.

ఆయనతో వెళ్ళి అక్కడే ఉండిపోతానని నేను మొదటిసారి మాటిచ్చినప్పుడు మా అన్న క్లిఫ్‌కి మోకాలి ఆపరేషన్ వచ్చింది. రెండోసారి గొర్రెల ఈతల కాలం అడ్డొచ్చింది. ఇది మూడోసారి. రోలండ్ కోప్పడే మనిషి కాదు. కోప్పడినా బాగుండేది.

"నేను గేటు దగ్గరుంటా," అన్నాడు. "కట్ట దాటి లోపలికి రాను, మీ అన్నకిష్టం లేదుగా. స్కూలు బస్సు పోయేదాకా చూస్తా. నువ్వు రాకపోతే రాలేవనుకుంటా. ఇక నిన్ను ఇబ్బంది పెట్టను, నోరీన్."

"హారన్ కొట్టొచ్చుగా, వచ్చావని నాకు తెలుస్తుంది."

"ఛ ఛ. హారన్ కొట్టి పిలవడానికి నేనేమన్నా టాక్సీవాణ్ణా?"

మా వైపు మగాళ్ళ మర్యాద ఇలాగే ఉంటుంది. కొంపలంటుకున్నా తలుపు తట్టి, కాస్త వీలుంటుందా అని అడుగుతారు.

క్లిఫ్‌కి చెప్పిన రోజు ఆయన టీ కప్పు బల్ల మీద పెట్టి, లేచి ఆవుల దగ్గరికి పోయాడు. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. కుక్కతో మాట్లాడేవాడు. "మీ అమ్మగారికి చెప్పు, రొట్టె అయిపోయిందని," అనేవాడు దాంతో.

వెళ్ళాల్సిన రోజు మధ్యాహ్నం సూటుకేసు, దాని మీద హ్యాండుబ్యాగు వాకిట్లో పెట్టాను. మాల్టన్‌లో కొన్న మీగడ రంగు కోటు వేసుకున్నాను, నల్ల తోలు గ్లవుజులు తొడుక్కున్నాను. బయల్దేరడానికి ఇంకా టైముంది. ఒక్కసారి గొర్రెల్ని చూసొద్దామని రబ్బరు బూట్లలో కాళ్ళు పెట్టాను. ఎవరూ పొమ్మనలేదు. అన్నేళ్ళ అలవాటు, కాళ్ళే తీసుకుపోయాయి.

మావి నల్ల మొహాల, నల్ల కాళ్ళ గొర్రెలు. ఈనడానికి ముందు పొట్టలు బరువెక్కి, పల్లంలో ఒక్కసారి వెల్లకిలా పడ్డాయంటే వాటంతటవి లేవలేవు. కడుపుబ్బి చచ్చిపోతాయి. కోట గట్లలో పల్లాలకి లోటు లేదు. అందుకే మా వైపు వెల్లకిలా పడ్డ గొర్రె ఎవరి కంటబడితే వాళ్ళే ఆగి తిప్పాలి. ఎవరి గొర్రె అని అడగరు. సరిహద్దు తగాదాల్లో మాటలు పోయినవాళ్ళు కూడా కంచె దూకి, అవతలివాడి గొర్రెను నిలబెట్టి, ఆ మాట ఎత్తకుండా వెళ్ళిపోతారు.

కందకం అడుగున ఒకటి పడి ఉంది. నాలుగు కాళ్ళూ గాల్లో తన్నుకుంటోంది.

కోటు పైకెత్తి పట్టుకుని దిగాను. భుజం దగ్గరా తొడ దగ్గరా ఉన్ని గుప్పిట పట్టి ఒక్క ఊపు ఊపితే లేచింది. లేపగానే వదిలేస్తే మళ్ళీ పడిపోతుంది, కాళ్ళకి నెత్తురు పాకాలి. మోకాళ్ళ మధ్య బిగించి కాసేపు పట్టుకున్నాను. ఒంట్లో వణుకు తగ్గాక వదిలాను. అది పరుగందుకుంది. నేను ఒకడుగు వెనక్కి వేశాను.

కుందేళ్ళు గుల్ల చేసిన గట్టు అది. కాలి కింద పచ్చిక చిరిగినట్టయింది, కుడికాలు తొడదాకా లోపలికి దిగిపోయింది. పైనున్న మట్టి నామీదకి జారింది. దాంతోపాటు ఒక రాయి వచ్చి మోకాలి పక్కన కూర్చుంది. కోటకి ఒక్క రాయైనా మిగల్లేదా అని అడిగేవాళ్ళు అందరూ. మిగిలింది, నా కోసం.

మొదట నాకు నవ్వొచ్చింది. కాలు లాగాను. బూటు రాలేదు, బూటులోంచి కాలూ రాలేదు. చేత్తో మట్టి తోడాను, తోడినంతా మళ్ళీ జారింది. సరే, ఊపిరి తీసుకుని మెల్లగా లాగుదామని కోటు సర్దుకుని కూర్చున్నాను.

అప్పుడే కాలిబాట మీద ఒక జంట వచ్చింది. మెళ్ళో మ్యాపు వేలాడేసుకున్న మగమనిషి, ఎర్ర చలికోటులో ఆయన భార్య. గట్టుమీద ఆగి నన్ను చూశారు.

"నమస్తే అండీ. ఎండ బాగా కాసింది కదా," అన్నాడాయన.

"అవునండీ, పొద్దున్న ఇలా ఉంటుందనుకోలేదు," అన్నాను.

"ఇక్కడెక్కడో కోట ఉందట?"

"మీరు దాని మీదే ఉన్నారు."

ఆయన కాళ్ళ కిందికి చూసుకున్నాడు. "చూడ్డానికేం లేదే!"

"లేదండీ."

"మీకేం ఇబ్బంది కలిగించలేదు కదా? ప్రశాంతంగా కూర్చున్నట్టున్నారు."

"అబ్బే, అదేం లేదండీ."

అదేం లేదన్నాను! నా నోటితో నేనే! కాలు తొడదాకా నేలలో ఉంది, గేటు దగ్గరికి రావాల్సిన మనిషి వచ్చే వేళయింది, నేను మాత్రం వాళ్ళకి దారి చెప్పి, అవతలి పొలం గేటు మూసి వెళ్ళమని కూడా చెప్పాను. ఇరుక్కుపోయానన్న మాట నాలుక మీదే ఉంది. కానీ పరాయివాళ్ళు, మంచి కోటులో ఉన్నాను, అనవసరంగా హడావుడి అవుతుంది. వాళ్ళు దిబ్బ దాటి కనుమరుగయ్యాక నా మీద నాకే ఒళ్ళు మండింది. అరిచాను. గాలి అటునుంచి ఇటు వీస్తోంది, కందకం గోడలు నా అరుపుని నాకే ఇచ్చేశాయి.

ఫోను వాకిట్లో హ్యాండుబ్యాగులో ఉంది.

ఇంకోసారి లాగాను, మరోసారి లాగాను. లాగిన ప్రతిసారీ ఆ రాయి ఇంకాస్త చోటు చూసుకుని కూర్చుంది. మట్టి చల్లదనం బూటులోకి దిగింది. పాదం ఉందో లేదో తెలియడం మానేసింది. ఏడుపొచ్చింది. నొప్పికి కాదు. రోలండ్ కారు అద్దం దించుకుని, మా మలుపు వైపు చూస్తూ కూర్చుని ఉంటాడు. బస్సు పోతుంది. ఆయన అద్దం ఎత్తుతాడు. ఎంతో మర్యాదగా కారు తిప్పుకుని వెళ్ళిపోతాడు. ఇక జన్మలో రాడు, మాటిచ్చాడు గనక. మాట మీద నిలబడే మగాళ్ళిద్దరి మధ్య నేను మట్టిలో పడి ఉన్నాను.

కందకం ఒక చోట తెగి అగడ్త వైపు తెరుచుకుంటుంది. ఆ సందులోంచి మా పెరడూ వంటింటి తలుపూ కనబడతాయి. తలుపు తెరుచుకుంది. క్లిఫ్ బయటికొచ్చాడు.

తలకి కట్టుకున్న ఎర్ర రుమాలు ఊడబీకి ఊపాను. రెండు చేతులూ ఎత్తి ఊపాను. ఆయనకి ట్రాక్టరు చప్పుడుకి చెవులు పోయాయి కానీ కళ్ళు డేగ కళ్ళు. ఆగాడు. నా వైపే చూశాడు. నేను ఇంకా గట్టిగా ఊపాను.

మా అన్న టోపీ తీశాడు. తల మీదికెత్తి పట్టుకుని అలాగే కాసేపు నిలబడ్డాడు. తర్వాత పెట్టుకుని, లోపలికెళ్ళి తలుపేసుకున్నాడు.

సెలవు తీసుకుంటున్నానని అనుకున్నాడు! నా చేతులు అలాగే గాల్లో ఉండిపోయాయి. నాన్న శవపేటిక కట్ట దాటేటప్పుడు తప్ప ఆయన ఎవరికీ అలా టోపీ ఎత్తింది నేను చూడలేదు. ఇన్నాళ్ళు మొహం చాటేసి, చివరికి అంత దూరం నుంచి నన్ను సాగనంపాడు. దానికోసం నేనెంత ఎదురుచూశానో అప్పుడు తెలిసింది. అది అందిన క్షణానే నాకు పనికిరాకుండా పోయింది.

మనిషి ఊపితే సెలవనుకుంటారు. మనిషి కూర్చుంటే ప్రశాంతంగా ఉందనుకుంటారు. ఈ ఊళ్ళో పరిగెత్తుకొచ్చేది ఒక్కదానికే. ఆ ఒక్కటీ తట్టగానే నేనింక ఆలోచించలేదు. వెనక్కి వాలి పడుకున్నాను. మీగడ రంగు కోటు రెండు వైపులా పరిచాను. నల్ల గ్లవుజుల చేతులు రెండూ, నల్ల బూటున్న ఎడమకాలూ ఆకాశంలోకి ఎత్తాను. మూడు కాళ్ళ గొర్రెనయ్యాను. కాళ్ళాడించాను.

సిగ్గేసిందా అంటే, లేదు. అంత పెద్ద వయసులో ఆ పని చేస్తున్నందుకు కాదుగానీ, గొర్రె కోసమైతే మా అన్న వస్తాడు, నా కోసమైతే రాడు అని నాకంత నమ్మకంగా తెలిసినందుకు గుండె కలుక్కుమంది. పైన రెండు గట్ల మధ్య ఆకాశం సన్నగా ఉంది. గొర్రె లేవలేక ఏం చూస్తుందో నాకు తెలిసొచ్చింది. అదే ముక్క ఆకాశం, అంతే. ఎడమకాలు వణకడం మొదలెట్టింది. దించితే మళ్ళీ మనిషినైపోతానని దించలేదు.

బూట్ల చప్పుడు వినబడింది. మోకాలు బాగాలేని మనిషి పరుగు. క్లిఫ్ గట్టుమీద కనబడ్డాడు, రొప్పుతున్నాడు. మొహం పాలిపోయి ఉంది. చేతిలో పార ఉంది.

దిగాడు. నా కాలు దిగిన చోట చూసి, పార ఎత్తి, ఎత్తి పట్టుకుని ఆగిపోయాడు. నాన్న అక్కడే ఎక్కడో నిలబడి చూస్తున్నట్టు ఒకసారి దిబ్బవైపు తలెత్తాడు. అప్పుడు పార దించాడు. పచ్చిక తెగిన చప్పుడుకి నాకే భయమేసింది.

నాలుగైదు పారల మట్టి తీశాక నాకు బుర్ర పనిచేసింది.

"క్లిఫ్," అన్నాను. "గొర్రెను తిప్పడానికి పార దేనికి?"

తవ్వుతూనే ఉన్నాడు.

"క్లిఫ్! గొర్రె కోసం ఎవరైనా పార తెస్తారా?"

పార ఆపాడు. నా వైపు చూడలేదు.

"నీ రుమాలు కనబడింది," అన్నాడు. "ఇరుక్కున్నావని తెలిసింది. చెల్లెలికీ గొర్రెకీ తేడా తెలీదా నాకు?"

"మరి టోపీ ఎత్తావు?"

"ఏం చెయ్యాలో తోచలా. చెయ్యి దానంతటదే టోపీ మీదికి పోయింది. లోపలికెళ్ళి కూచున్నా. బస్సు పోయేదాకా కూచుందామనుకున్నా. ఆ తర్వాతొచ్చి తీద్దామని. ఇదిగో ఇంత దూరంలోనేగా ఉన్నావు, చచ్చిపోవుగా అనుకున్నా. కిటికీలోంచి చూస్తే కాళ్ళు పైకెత్తావు." పారతో మట్టిని ఊరికే పొడిచాడు. "అలా పడున్నదాన్ని చూసి ఎట్లా కూచుంటారు, పిల్లా? ఎవరివల్లా కాదు."

నాకు ఆయన మీద వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. అందేంత దగ్గర్లో ఉంటే కొట్టేదాన్నే. అదే క్షణంలో, పిల్లా అన్నాడు, నాతో మాట్లాడాడు అని సంతోషం. రెండూ ఒకేసారి ఎట్లా ఉంటాయో నాకు తెలీదు, ఉన్నాయి.

"తవ్వు," అన్నాను. "తొందరగా తవ్వు."

తవ్వాడు. రాయి అంచు బయటపడింది గానీ కదల్లేదు. నేను లాగుతున్నాను, ఆయన తోడుతున్నాడు. ఇంతలో రోడ్డు వైపు నుంచి కిచకిచమని పిల్లల అరుపులు, బస్సు బ్రేకు కీచుమనడం, మళ్ళీ ఇంజను ఊపందుకోవడం. బస్సు వెళ్ళిపోయింది.

నేను లాగడం మానేశాను. చేతులు ఒళ్ళో పడిపోయాయి.

క్లిఫ్ పారను గట్టులోకి గుచ్చేసి, గట్టెక్కి, పరిగెత్తాడు.

"క్లిఫ్! ఎక్కడికి? క్లిఫ్!"

పెరట్లో పొలం పనులకి వాడే నాలుగు చక్రాల మోటారుబండి గర్జించింది. కట్ట దాటడం, గేటు వైపు తిరగడం వినబడింది. ఆ తర్వాత ఏమీ వినబడలేదు.

ఆ కాసేపే నాకన్నిటికన్నా కష్టమైంది. ఇందాక మట్టిలో ఒక్క కాలే ఉంది, ఇప్పుడు బతుకంతా పోయి మా అన్న నోట్లో చిక్కుకుంది. రోలండ్ ఉన్నాడో వెళ్ళిపోయాడో. ఉంటే ఈయన ఏం చెప్తాడు? రానందిట అని ఒక్క ముక్క చాలు. రోలండ్ అవునా అని కూడా అడగడు, టోపీ సర్దుకుని వెళ్ళిపోతాడు. నాకెప్పటికీ తెలియదు. గేటు దాకా వెళ్ళాను, మనిషి లేడు అని క్లిఫ్ అంటాడు, నేను నమ్ముతాను. మళ్ళీ వండుతాను. ఆయన తింటాడు. కిటికీలోంచి చూసి కూర్చున్న మనిషి అంతపనీ చెయ్యగలడు. నేను లేపిన గొర్రె గట్టుమీద నిలబడి, నన్ను చూస్తూ గడ్డి నములుతోంది. దాని మీద కూడా నాకు అసూయ పుట్టింది.

బండి తిరిగొచ్చింది. దాని మీద ఇద్దరున్నారు.

రోలండ్ పెళ్ళికొడుకు బూట్లతో కందకంలోకి దిగాడు, సగంలో జారాడు, మిగతా సగం కూర్చునే దిగాడు. దిగి, నా మొహం చూసి, "నేను కట్ట దాటొచ్చాను. మీ అన్నే రమ్మన్నాడు," అని సంజాయిషీ చెప్పుకున్నాడు. కళ్ళనిండా నీళ్ళు. నేను ఆయన టై పట్టుకుని వదల్లేదు.

క్లిఫ్ గట్టులోంచి పార లాగి, పిడికి అంటిన మట్టి అరచేత్తో తుడిచి, ఆయన చేతికిచ్చాడు.

"నువ్వు తవ్వు," అన్నాడు. "నేను తవ్వితే చీకటి పడేదాకా తవ్వుతూనే ఉంటా. నన్ను నమ్మొద్దు."

రోలండ్ పార అందుకుని అటూ ఇటూ చూశాడు. "ఇక్కడ తవ్వకూడదంటారు కదండీ?"

"తవ్వు బాబూ. ఎవరన్నా అడిగితే నేను చెప్పుకుంటా. ఆ రాయి కింద వెయ్యి. ఆమె కాలు జాగ్రత్త. కోట సంగతొదిలెయ్."

లారీ బస్తాలెత్తిన చేతులు అవి. రాయి కింద పార దూర్చి ఎత్తితే అది ఒక్కసారి మూలిగి పక్కకి దొర్లింది. క్లిఫ్ నా వెనక చేరి, చంకల కింద చేతులేసి పైకి లాగాడు. బూటు లోపలే ఉండిపోయింది. కాలు బయటికొచ్చింది.

నిలబడబోతే కాలు నాది కాదన్నట్టు మడతపడింది. క్లిఫ్ నన్ను వదల్లేదు. గొర్రెను పట్టుకున్నట్టే, మోకాళ్ళు నాకు అటూ ఇటూ ఆనించి, రెండు చేతులతో భుజాలు బిగించి పట్టుకున్నాడు. రోలండ్ సాయం పట్టబోతే తల అడ్డంగా ఊపాడు. నెత్తురు పాకడం మొదలై కాలంతా సూదులు గుచ్చుతున్నాయి. ఆయన ఊపిరి నా మెడ మీద తగులుతోంది. ఆవుల వాసన, పొగాకు వాసన. నేను ఏడుస్తున్నాను, ఆయనా ఏడుస్తున్నాడని వీపుకి తెలుస్తోంది.

"నిలబడ్డావా?" అన్నాడు.

"ఇంకాసేపు."

పట్టుకునే ఉన్నాడు. కాలు మెల్లగా నాదయింది.

"ఇప్పుడు?"

"నిలబడ్డాను, క్లిఫ్."

చేతులు తీసేశాడు. వీపు మీద, గొర్రెను మందలోకి తోలేటప్పుడు చరిచినట్టు, ఒక్కటి చరిచాడు.

"సరే, పో," అన్నాడు.